పైథాన్‌లో సొంత లింట్ రూల్: ఏ పనికి ఏ టూల్ పట్టుకోవాలి?

మా ప్రాజెక్టులో ఒక టెస్ట్ దాదాపు రెండేళ్లు పాసవుతూనే ఉంది. బిల్లు మొత్తం 450 రూపాయలు వస్తోందా లేదా చూడటం దాని పని. ఒకరోజు డిస్కౌంట్ లెక్క తప్పి, 450 రావాల్సిన చోట 405 వచ్చింది. టెస్టులు మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఫైలు తెరిచి చూస్తే లోపల ఈ లైను ఉంది:

సెల్ఫ్.అసర్ట్‌ట్రూ(మొత్తం, 450)

రాసినవాళ్లు అనుకున్నది అసర్ట్‌ఈక్వల్, వేలికి తగిలింది అసర్ట్‌ట్రూ. పైథాన్‌తో వచ్చే యూనిట్‌టెస్ట్ లైబ్రరీలో అసర్ట్‌ట్రూకి ఇచ్చే రెండో ఆర్గ్యుమెంట్ పోల్చడానికి కాదు. టెస్ట్ ఫెయిలైతే చూపించాల్సిన మెసేజ్ అది. అంటే మొత్తం సున్నా కానంత కాలం ఆ టెస్ట్ పాసే. 405 వచ్చినా పాసే, మైనస్ 7 వచ్చినా పాసే. ఆ పుల్ రిక్వెస్ట్‌ని (కోడ్ మార్పు ప్రతిపాదనని) రివ్యూ చేసిన ఇద్దరిలో నేనొకణ్ణి. నాకూ కనపడలేదు. తర్వాత వెతికితే అలాంటి లైన్లు ఇంకా దొరికాయి.

ఇలాంటి పనికి మనిషి కళ్లు సరిపోవు, లింట్ రూల్ (కోడ్‌ని నడపకుండానే చదివి తప్పు పట్టే రూల్) రాసి సీఐలో, అంటే ప్రతి మార్పునీ దానంతటదే పరీక్షించే ఏర్పాటులో, పెట్టాల్సిందే. అయితే రూల్ దేనిలో రాయాలన్న దగ్గరే టీములు వారం రోజులు వాదించుకుంటాయి. రఫ్, ఫ్లేక్8, పైలింట్, సెమ్‌గ్రెప్, ఏఎస్‌టీ-గ్రెప్, ఫిక్సిట్... "వీటిలో ఏది మంచిది?" అని అడిగితే ఎవరి అలవాటు వాళ్లు చెబుతారు. అడగాల్సింది వేరే: ఈ తప్పు పట్టుకోవడానికి రూల్‌కి ఏం తెలియాలి? లైనులోని అక్షరాలు చాలా, కోడ్ ఆకారం తెలియాలా, ఒక పేరు వెనక అసలు ఏ విలువ ఉందో తెలియాలా, లేక ఒక ఫైలుకీ ఇంకో ఫైలుకీ ఉన్న సంబంధం తెలియాలా? దీంతో పాటు ఇంకొకటి కూడా అడగాలి, ఆరు నెలల తర్వాత ఆ రూల్‌ని మార్చాల్సి వస్తే ఎవరు మారుస్తారు?

ఆ 450 లైనునే చేత్తో పట్టుకుని ఒక్కో టూల్ దగ్గరికి వెళ్దాం. కోడ్‌లోని పేర్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలు స్పెల్లింగే.

ముందు రఫ్‌లో వెతకండి

రఫ్‌లో సొంత రూల్ రాసుకునే సౌకర్యం లేదు. ఛార్లీ మార్ష్ 2022లో మొదలుపెట్టిన ఈ లింటర్ రస్ట్ భాషలో రాసింది; మన పైథాన్ ప్లగిన్‌ని తెచ్చి అందులో తగిలించలేం. మరి సొంత రూల్స్ గురించిన వ్యాసంలో దాన్ని మొదటే ఎందుకు పెట్టానంటే, సొంతంగా రాయాలని జనం కూర్చునే రూల్స్‌లో చాలావరకు అందులో ఇప్పటికే ఉన్నాయి కాబట్టి. మొత్తం 800కి పైగా ఉన్నాయి. టెస్టుల విషయంలో అయితే మరీను.

ఉదాహరణకి పీటీ012 (రఫ్ రూల్స్‌కి ఇలాంటి కోడ్ పేర్లుంటాయి). పైటెస్ట్ అనే టెస్టింగ్ టూల్‌లో, ఇక్కడ ఎర్రర్ రావాలి అని చెప్పే పైటెస్ట్.రైజెస్ విత్ బ్లాక్‌లో ఒకే ఒక్క స్టేట్‌మెంట్ ఉండాలంటుంది. పట్టింపులా కనిపిస్తుంది గానీ కాదు. బ్లాక్‌లో మొదటి లైను ఎర్రర్ విసరగానే బ్లాక్ అక్కడితో ముగుస్తుంది. దాని కింద, అదే బ్లాక్‌లో, మీరు రాసుకున్న రెండు అసర్ట్‌లు ఎప్పటికీ నడవవు. ఇండెంట్ ఒక్క మెట్టు వెనక్కి జరపడం మర్చిపోతే చాలు, ఈ తప్పు జరిగిపోతుంది. పీటీ011, బీ017 మరో రకం: "ఏదో ఒక ఎక్సెప్షన్ వస్తే చాలు" అన్నట్టు రాసిన టెస్టులని పట్టుకుంటాయి. ఎక్సెప్షన్ అని మాత్రమే రాస్తే, ఫంక్షన్ పేరులో అక్షరదోషం వల్ల వచ్చిన నేమ్‌ఎర్రర్‌కి కూడా టెస్ట్ పాసవుతుంది. ఎఫ్811 ఇంకా సాదా సీదాది: ఒకే ఫైలులో ఒకే పేరుతో రెండు టెస్ట్ ఫంక్షన్లుంటే రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది, మొదటిది అసలు నడవదు. కాపీ-పేస్ట్ చేసి పేరు మార్చడం మర్చిపోయిన ప్రతి ప్రాజెక్టులో ఇది ఒకటైనా ఉంటుంది.

మాక్‌ల (టెస్టుల్లో అసలు వస్తువు బదులు పెట్టే డమ్మీల) సంగతి వేరే కథ. "అసర్ట్ మాక్.కాల్డ్_వన్స్_విత్(5)" అని రాస్తే చూడ్డానికి ఎంత బాగుంటుందో! కానీ అలాంటి మెథడ్ లేదు. మాక్ ఏం అడిగినా లేదనదు. కొత్త మాక్‌ని తయారుచేసి చేతిలో పెడుతుంది, అది ఎప్పుడూ నిజమే, టెస్ట్ పాస్. పైథాన్ 3.5లో "అసర్ట్" అని మొదలయ్యే తప్పుడు పేర్లకి మాక్ ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు "అసర్ట్" లేకుండా రాసే ఈ రకం పేర్లని మాత్రం 3.12 నుంచే ఆపుతోంది. పాత వెర్షన్ మీద ఉన్నవాళ్లకి రఫ్‌లోని పీజీహెచ్005 ఆ పని చేస్తుంది. ఇవి మీ సెట్టింగ్స్‌లోని సెలెక్ట్ లిస్టులో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. రఫ్ పెట్టుకున్నాం కదా అని ఊరుకుంటే అన్నీ ఆన్ అయి ఉండవు.

ఇక రఫ్‌లో సొంత రూల్‌కి దగ్గరగా వచ్చేది ఒకటుంది: బ్యాన్డ్-ఏపీఐ, అంటే టీఐడీ251. ఫలానా ఫంక్షన్ ఎవరూ వాడకూడదు, బదులుగా ఇది వాడండి అని మీ మాటల్లోనే మెసేజ్ రాసుకోవచ్చు. మేం మొదట నిషేధించింది డేట్.టుడే. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటుంది, మనం దానికంటే ఐదున్నర గంటలు ముందున్నాం. రాత్రి పన్నెండు దాటినప్పటి నుంచి తెల్లవారుజామున 5:30 వరకు సర్వర్‌కి ఇంకా నిన్నే. ఆ వేళలో బుక్ చేసినవాడి రసీదు మీద నిన్నటి తేదీ పడుతుంది. పగలు ఆఫీసులో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఇది బయటపడదు. డీటీజెడ్ రూల్స్ కూడా టైమ్‌జోన్ లేని తేదీలని పట్టుకుంటాయి, కానీ "మన గడియారం మాడ్యూల్‌లోని ఫంక్షనే వాడాలి" అని చెప్పాలంటే బ్యాన్డ్-ఏపీఐనే దారి. ఎవరైనా ఇంపోర్ట్ చేసేటప్పుడు వేరే పేరు పెట్టుకున్నా ఇది అసలు పేరు వెతికి పట్టుకుంటుంది. టైమ్.స్లీప్‌ని టెస్టుల్లో మాత్రమే ఆపాలంటే, టెస్ట్స్ ఫోల్డర్‌లో ఇంకో రఫ్ సెట్టింగ్ ఫైలు పెట్టి పై ఫైలుని ఎక్స్‌టెండ్ చేస్తే సరి.

మరి మన 450 లైను? ఇక్కడే ఒక తమాషా. పీటీ009 అనే రూల్ యూనిట్‌టెస్ట్ పద్ధతి అసర్ట్‌లన్నిటినీ మామూలు అసర్ట్‌లుగా మార్చమంటుంది, ఆటోఫిక్స్ కూడా ఇస్తుంది. మన లైనుని దానికిస్తే "అసర్ట్ మొత్తం, 450" అని మార్చి పెడుతుంది. తప్పేం కాదు, ముందు ఏ అర్థం ఉందో అదే ఉంచింది. దొంగ చొక్కా మార్చుకున్నాడు, అంతే. పైగా ఇప్పుడు "ఇంత పెద్ద మార్పు చేశాం, టెస్టులన్నీ పాస్" అన్న ధీమా కూడా తోడవుతుంది. పీటీ009 ఆన్ చేసే ముందే అసర్ట్‌ట్రూ రూల్ నడిపి ఉండాల్సింది. వరుస కూడా ముఖ్యమని నాకు అప్పుడు తెలిసొచ్చింది.

అక్షరాలే చాలనుకుంటే

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? కమిట్‌కి ముందు చెక్‌లు నడిపే ప్రీ-కమిట్ టూల్‌లో పైగ్రెప్ అనే రకం హుక్ ఉంది. ఒక రెగెక్స్ (అక్షరాల నమూనా) ఇస్తే అది దొరికిన ప్రతి లైనునీ ఆపేస్తుంది. "డీబగ్ కోసం పెట్టిన ఫలానా మాట కమిట్ కాకూడదు", "పాత డొమైన్ పేరు ఎక్కడా ఉండకూడదు" లాంటివాటికి ఇది చాలు. ఐదు నిమిషాల పని.

మన లైనుకి మాత్రం చాలదు. అసర్ట్‌ట్రూ తర్వాత కామా ఉంటే పట్టుకో అన్నామనుకోండి. అసర్ట్‌ట్రూ(సరిపోయిందా(అ, ఆ)) అన్న నికార్సైన లైను దొరికిపోతుంది, ఎందుకంటే కామా లోపలి ఫంక్షన్‌ది. కోడ్‌ని సర్దే బ్లాక్ (Black) అనే టూల్ మూడు లైన్లుగా విరిచిన అసలు తప్పు మాత్రం తప్పించుకుంటుంది. రెగెక్స్‌ని ఇంకాస్త సాగదీద్దామని అనిపించిందంటే అక్కడే ఆగి, కింది సెక్షన్‌కి రండి.

సొంత పైటెస్ట్: ఎవరూ పట్టించుకోని దారి

పైథాన్‌తో పాటే వచ్చే ఏఎస్‌టీ మాడ్యూల్ కోడ్‌ని చెట్టులా విడదీసి ఇస్తుంది. మన రూల్‌ని దాని భాషలో చెబితే ఇలా ఉంటుంది: ప్రతి కాల్ నోడ్ దగ్గరా ఆగు, పిలిచిన పేరు అసర్ట్‌ట్రూ అయితే, ఆర్గ్స్ లిస్టులో రెండుంటే, ఆ రెండోది స్ట్రింగూ ఎఫ్-స్ట్రింగూ కాకపోతే, ఫైలు పేరూ లైను నంబరూ రాసుకో. పేరు పెట్టి పంపిన ఎంఎస్‌జీ ఆర్గ్యుమెంట్ ఆర్గ్స్‌లో కాకుండా కీవర్డ్స్‌లో ఉంటుంది కాబట్టి దాని జోలికి పోనే పోదు. చివర్లో లిస్టు ఖాళీగా ఉందా అని ఒక అసర్ట్. ముప్పై లైన్లు. దాన్ని టెస్ట్స్ ఫోల్డర్‌లోనే ఇంకో టెస్టుగా పెట్టేయొచ్చు.

నాకు ఈ దారంటే ఇష్టం, దాచుకోను. కొత్త టూల్ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, సీఐ ఫైలు ముట్టుకోనక్కర్లేదు, సెక్యూరిటీ టీమ్‌ని పర్మిషన్ అడగక్కర్లేదు. టీమ్‌లో పైథాన్ వచ్చిన ఎవరైనా చదివి మార్చగలరు. ఫెయిలైనప్పుడు మెసేజ్ ఎంత వివరంగా కావాలంటే అంత రాసుకోవచ్చు, "2023లో ఇలా జరిగింది, అందుకే ఇది" అని కూడా.

లోపాలూ ఉన్నాయి. ఎడిటర్‌లో ఎర్రగీత పడదు. టెస్టులు నడిపేదాకా తెలియదు. "ఈ ఒక్క లైనుకి మినహాయింపు" అని కామెంట్ పెట్టే ఏర్పాటు మీరే రాసుకోవాలి, ఎందుకంటే ఏఎస్‌టీ చెట్టులో కామెంట్లు ఉండవు. ఒకటి రెండు రిపాజిటరీలకైతే బాగుంటుంది, పది రిపాజిటరీలకి కాపీ చేసుకుంటూ పోతే పది రకాలుగా మారిపోతుంది.

ఆ పది రిపాజిటరీల దశకి వచ్చినప్పుడు ఫ్లేక్8 ప్లగిన్ గురించి ఆలోచించాలి. లోపల పని అదే: మీ క్లాస్‌కి ఏఎస్‌టీ చెట్టు అందుతుంది, రన్ అనే మెథడ్ నుంచి లైను, కాలమ్, మెసేజ్ యీల్డ్ చేస్తారు. కాబట్టి పైటెస్ట్‌లో రాసినదాన్ని మార్చడం పూట పని. నోక్వా కామెంట్లు (ఈ లైనుని వదిలెయ్ అని చెప్పేవి), ఎడిటర్‌లో గీతలు, ఫైలు వారీ మినహాయింపులు ఫ్లేక్8 చూసుకుంటుంది. ప్యాకేజీ చేసి ఎక్కడా పబ్లిష్ చేయకుండా, లోకల్ ప్లగిన్స్ అనే సెక్షన్‌లో దారి చూపించినా నడుస్తుంది. రూల్ కోడ్ మూడు అక్షరాలు మూడు అంకెలు మించకూడదు. సెట్టింగ్స్ పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైలులో పెడదామంటే ఫ్లేక్8 ఒప్పుకోదు, సెటప్.సీఎఫ్‌జీ లాంటి పాత ఇళ్లలోనే ఉండాలి.

ఇప్పటికే రఫ్‌కి మారిపోయినవాళ్లు కేవలం సొంత రూల్స్ కోసం ఫ్లేక్8ని పక్కన ఉంచుకోవడం మామూలే. అలా ఉంచుకుంటే రఫ్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టర్నల్ అన్న చోట మీ రూల్ కోడ్‌ల పేర్లు చేర్చండి. లేకపోతే ఆర్‌యూఎఫ్100 అనే రూల్ మీ నోక్వా కామెంట్లని "ఇదేదో తెలియని కోడ్, పనికిరానిది" అనుకుని తీసేయమంటుంది. ఆటోఫిక్స్ ఆన్‌లో ఉంటే తీసేస్తుంది కూడా. మాకు ఒక శుక్రవారం సాయంత్రం ఇలాగే పోయింది.

సెమ్‌గ్రెప్: రూల్ కోడ్‌లాగే కనిపిస్తే

చెట్టు, నోడ్, విజిటర్ అనగానే టీమ్‌లో సగం మంది వెనక్కి తగ్గుతారు. క్యూఏ నుంచి వచ్చినవాళ్లు, జావాస్క్రిప్ట్ రాసేవాళ్లు కూడా రూల్స్ చేర్చగలగాలంటే సెమ్‌గ్రెప్ పెట్టండి. యామల్ అనే సెట్టింగ్స్ ఫైలులో మీరు వెతుకుతున్న కోడ్‌నే రాస్తారు, మారే చోట మాత్రం డాలర్ గుర్తుతో ఒక పేరు. డాలర్-ఎస్.అసర్ట్‌ట్రూ(డాలర్-ఏ, డాలర్-బీ) దొరికితే పట్టుకో. రెండో చోట స్ట్రింగ్ ఉంటే వదిలెయ్, దానికి కోట్స్ మధ్య మూడు చుక్కలు పెడితే చాలు. ఫిక్స్ అనే చోట డాలర్-ఎస్.అసర్ట్‌ఈక్వల్(డాలర్-ఏ, డాలర్-బీ) అని రాస్తే దిద్దడం కూడా వచ్చేస్తుంది. మొత్తం పది పన్నెండు లైన్లు. పుల్ రిక్వెస్ట్‌లో ఆ రూల్‌ని చూసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

లైను విరిగినా, ఖాళీలు మారినా దానికి పట్టదు. పై లైన్లో ఒక వేరియబుల్‌కి స్ట్రింగ్ ఇచ్చి, కింద దాన్ని మెసేజ్‌గా పంపితే అది కూడా స్ట్రింగే అని గుర్తుపడుతుంది. కానీ ఆ స్ట్రింగ్ వేరే ఫైలులో ఉండి ఇంపోర్ట్ అయివస్తే ఉచిత వెర్షన్‌కి తెలియదు. అది ఒక ఫైలు దాటి చూడదు.

లైసెన్స్ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 2024 డిసెంబర్‌లో ఆ కంపెనీ ఉచిత వెర్షన్ పేరు కమ్యూనిటీ ఎడిషన్‌గా మార్చి, తాను ఇచ్చే రూల్స్ లైసెన్స్‌ని బిగించింది. దాని మీద అలిగిన కొన్ని సెక్యూరిటీ కంపెనీలు 2025 జనవరిలో ఓపెన్‌గ్రెప్ అనే ఫోర్క్ (అదే కోడ్ నుంచి విడిపోయిన వెర్షన్) మొదలుపెట్టాయి. మీరు రాసుకున్న రూల్స్ మీవే, వాటికి ఈ గొడవతో సంబంధం లేదు. సెమ్‌గ్రెప్ ఆన్‌లైన్ రిజిస్ట్రీ నుంచి రూల్స్ తెచ్చుకుంటే వాడకం వివరాలు కంపెనీకి వెళ్తాయి. వద్దనుకుంటే మెట్రిక్స్ ఆఫ్ అన్న ఆప్షన్ ఉంది, బ్యాంకు ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లు ముందే పెట్టేయండి.

ఏఎస్‌టీ-గ్రెప్ దీనికి చెల్లెలి వరస. రస్ట్‌లో రాసింది, కోడ్‌ని చెట్టుగా విడదీసే ట్రీ-సిట్టర్ మీద నడుస్తుంది, చాలా వేగం. రూల్స్ కూడా యామల్‌లోనే, దాదాపు అదే పద్ధతి. వేరియబుల్ వెనక ఏ విలువ ఉందో చూసే తెలివి లేదు, ఆకారమే చూస్తుంది. ఒక్కసారి మొత్తం కోడ్‌లో ఏదో మార్చిపారేయాలంటే నేను దీన్నే తీస్తాను. రోజూ కాపలా కాయడానికైతే సెమ్‌గ్రెప్.

పైలింట్ ఎప్పుడు?

పేరు వెనక ఏముందో తెలియాల్సినప్పుడు, అది కూడా ఫైళ్లు దాటి తెలియాల్సినప్పుడు. పైలింట్ కింద ఆస్ట్రాయిడ్ అనే లైబ్రరీ ఉంది, అది "ఈ వేరియబుల్‌లో ఏముండొచ్చు?" అన్న ప్రశ్నకి ఇంపోర్టుల వెంట నడిచి వెళ్లి జవాబు తెస్తుంది. మన రూల్‌కి దీనివల్ల రెండు లాభాలు. మెసేజ్‌లన్నీ వేరే మాడ్యూల్‌లో పెట్టుకున్న ప్రాజెక్టులో రెండో ఆర్గ్యుమెంట్ నిజానికి స్ట్రింగే అని తెలుసుకుని వదిలేస్తుంది. ఆ సెల్ఫ్ నిజంగా టెస్ట్‌కేస్ క్లాస్‌దేనా, లేక ఎవరో అదే పేరుతో రాసుకున్న వేరే మెథడా అన్నదీ చూడగలదు.

దీనికి ఖర్చు ఉంది. నెమ్మది. పెద్ద ప్రాజెక్టులో కమిట్ చేసేటప్పుడు నడిపితే జనం హుక్‌ని దాటవేయడం మొదలుపెడతారు. చెకర్ క్లాస్ రాయడం కష్టం కాదు: మెసేజ్‌ల డిక్షనరీ, విజిట్_కాల్ మెథడ్, చివర్న రిజిస్టర్ ఫంక్షన్. తలనొప్పి ఎక్కడంటే, ఆ ప్లగిన్ మాడ్యూల్‌ని పైలింట్ ఇంపోర్ట్ చేయగలగాలి. మీ ల్యాప్‌టాప్‌లో దొరుకుతుంది, సీఐలో దారి దొరకక "ప్లగిన్ లోడ్ కాలేదు" అంటుంది. సొంత రూల్స్‌ని చిన్న ప్యాకేజీగా చేసి డెవ్ డిపెండెన్సీలలో పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

నా సలహా: ఇప్పటికే పైలింట్ వాడుతుంటే అందులోనే రాయండి. వాడకపోతే ఒక్క రూల్ కోసం తేవద్దు. తెచ్చినా మిగతా రూల్స్ అన్నీ ఆపి, మీ సొంతవి మాత్రమే సీఐలో నడపండి.

దిద్దడమే పెద్ద పనైతే ఫిక్సిట్

ఇన్‌స్టాగ్రామ్ ఇంజినీర్ల చేతిలో పుట్టి ఇప్పుడు మెటా దగ్గరున్న టూల్ ఇది. లిబ్‌సీఎస్‌టీ అనే లైబ్రరీ మీద నడుస్తుంది, అంటే కామెంట్లు, ఖాళీలు, కామాలు అన్నీ యథాతథంగా ఉన్న చెట్టు. ఒక నోడ్ మార్చి తిరిగి రాస్తే మిగతా ఫైలు ఇసుమంత కూడా కదలదు. మామూలు ఏఎస్‌టీతో ఇది కుదరదు.

దీనిలో నాకు బాగా నచ్చింది, రూల్ క్లాస్‌లోనే వాలిడ్, ఇన్‌వాలిడ్ అని రెండు లిస్టులు రాయడం. ఏ కోడ్ వదిలేయాలి, ఏది పట్టుకోవాలి, పట్టుకుని ఎలా మార్చాలి అన్నది అక్కడే ఉంటుంది. ఫిక్సిట్ టెస్ట్ అంటే చాలు, అవన్నీ సరిచూస్తుంది. రూల్స్ మీ రిపాజిటరీలోనే ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. దిద్దేటప్పుడు ఒక్కో మార్పూ చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. లిబ్‌సీఎస్‌టీ నోడ్‌లు అలవాటు పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, అది దాని రేటు. నెట్‌లో వెతికితే పాత ఫిక్సిట్ 1 ఉదాహరణలు తగులుతాయి, అవి రెండో వెర్షన్‌లో నడవవు, జాగ్రత్త.

ఒక హెచ్చరిక. మన అసర్ట్‌ట్రూని అసర్ట్‌ఈక్వల్‌గా మార్చే ఆటోఫిక్స్ ఏ టూల్‌లో నడిపినా, మరుక్షణం కొన్ని టెస్టులు ఎర్రబడతాయి. ఆటోఫిక్స్ తప్పు కాదది. అన్నాళ్లూ అబద్ధం చెప్పిన టెస్టులు అవి. ఒక్కోదాని దగ్గరా ఆగి, తప్పు కోడ్‌దా, టెస్ట్‌లో రాసిన విలువదా తేల్చాలి. సీఐ పచ్చబడాలని కొత్త విలువని తెచ్చి టెస్ట్‌లో అతికించారో, మళ్లీ మొదటికొచ్చినట్టే. కాబట్టి ఈ రూల్‌కి ఆటోఫిక్స్ ఉన్నా దాన్ని సీఐలో దానంతటదే నడిచేలా పెట్టను.

ఇంకా రెండు ముక్కలు. "బిల్లింగ్ మాడ్యూల్ యూఐ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేయకూడదు" లాంటి రూల్ మీ మనసులో ఉంటే పై టూల్స్ అన్నీ పక్కన పెట్టి ఇంపోర్ట్-లింటర్ తీసుకోండి. పొరలు ఏవో రాసిస్తే ఇంపోర్టుల గొలుసు మొత్తం వెతికి, చుట్టూ తిరిగి వచ్చే దొంగదారులు కూడా చూపిస్తుంది. రూపాయలు అడిగే ఫంక్షన్‌కి పైసల సంఖ్య పంపకూడదు లాంటిదైతే అది లింట్ పని కాదు, న్యూటైప్‌తో వేర్వేరు టైపులు పెట్టి, టైపులు సరిచూసే మైపైకి వదిలేయండి.

ఏ రూల్స్ రాయాలి, ఏవి రాయకూడదు

టూల్ కంటే ఇక్కడే ఎక్కువమంది బోర్లా పడతారు. ఉత్సాహం మీద ఇరవై రూల్స్ రాస్తారు, వాటిలో సగం తప్పుడు కేకలు వేస్తాయి, నెల తిరిగేసరికి "నాన్నా పులి" కథే. నోక్వాలు వాన పడ్డట్టు పడతాయి.

అసర్ట్ లేని టెస్ట్ ఉండకూడదు అన్న రూల్ తీసుకోండి. వినడానికి తిరుగులేదు. నడిపి చూస్తే పైటెస్ట్.రైజెస్ మాత్రమే ఉన్న టెస్ట్ దొరుకుతుంది, మాక్‌తో అసర్ట్_కాల్డ్_వన్స్ పిలిచినది దొరుకుతుంది, "బిల్లు_సరిచూడు" అని సొంత హెల్పర్‌లో అసర్ట్ పెట్టుకున్నది దొరుకుతుంది. అవన్నీ మంచి టెస్టులే. ఈ రూల్ నిలబడాలంటే ముందు టీమ్ ఒక ఒప్పందానికి రావాలి: సరిచూసే హెల్పర్లన్నిటి పేరూ అసర్ట్_ తో మొదలవ్వాలని. అప్పుడు ఏఎస్‌టీతో పదిహేను లైన్లలో అయిపోతుంది. ఒప్పందం లేకపోతే పైలింట్ తెచ్చినా కాదు.

టెస్ట్‌లో ఫర్ లూప్, ఇఫ్ ఉండకూడదన్నది మరోటి. దీన్ని నేను సమర్థిస్తాను గానీ సగమే. ఇఫ్ ఉన్న టెస్ట్‌లో ఒక దారి ఎప్పుడూ నడవకపోవచ్చు, అది నిజంగా ప్రమాదం, ఆపేయండి. లూప్‌ని మాత్రం వెంటనే తప్పని కొట్టేయను. ఖాళీ లిస్టు మీద తిరిగే లూప్‌లోని అసర్ట్ ఒక్కసారీ నడవదు, నిజమే. కానీ మూడు విలువల మీద తిరిగే రెండు లైన్ల లూప్‌ని పైటెస్ట్ పారామెట్రైజ్‌గా (ఒక్కో విలువకీ విడి టెస్టుగా) మార్చమని కొత్తగా చేరిన అమ్మాయిని వేధించడం వల్ల ఒరిగేదేం లేదు. లూప్ దేని మీద తిరుగుతుందో అది అక్కడే రాసిన లిస్టు అయితే వదిలేయమని రూల్‌లో ఒక షరతు పెడితే గొడవే లేదు.

నా కొలత ఇది: ఒకే మాట రివ్యూలో మూడోసారి రాస్తున్నానా, లేదా ఒకసారి ప్రొడక్షన్‌లో దెబ్బ తిన్నామా. రెండూ కాకపోతే రూల్ రాయను.

రాసిన రూల్‌కి టెస్ట్ రాయడం మాత్రం మానొద్దు. ఎక్కడా పట్టుకోని రూల్‌కీ, ఒక్క తప్పూ లేని కోడ్‌కీ బయట నుంచి తేడా తెలియదు. రెండూ పచ్చగానే ఉంటాయి. సెమ్‌గ్రెప్‌లో ఉదాహరణ ఫైలులో లైను పైన రూల్‌ఐడీ అనో ఓకే అనో కామెంట్ పెడితే టెస్ట్ మోడ్ సరిచూస్తుంది. ఏఎస్‌టీ-గ్రెప్‌కి దాని టెస్ట్ కమాండ్ ఉంది. పైలింట్‌కి చెకర్‌టెస్ట్‌కేస్ ఉంది. సొంత పైటెస్ట్ అయితే రూల్‌ని ఫంక్షన్‌గా విడదీసి, ఒక తప్పు ముక్క, ఒక ఒప్పు ముక్క స్ట్రింగులుగా ఇచ్చి చూడండి. ఒప్పు ముక్కలే ఎక్కువ రాయండి, రూల్‌కి చెడ్డపేరు తెచ్చేది వాటి దగ్గరే.

పాత తప్పుల బకాయి

రూల్ పెట్టిన రోజు వంద పాత తప్పులు బయటపడితే ఏం చేయాలి? అన్నీ దిద్దేదాకా రూల్ ఆపితే అది ఎప్పటికీ రాదు. ప్రతి లైనుకీ నోక్వా పెడితే అవి శిలాశాసనాలే, ఎవరూ తీయరు. మేం చేసింది చిన్న పని. రూల్ పక్కనే ఒక సంఖ్య రాసిపెట్టాం, పాత తప్పులు ఎన్ని అని. లెక్క ఆ సంఖ్య దాటితే టెస్ట్ ఫెయిల్. తగ్గినా ఫెయిలే, "తగ్గించావు, ఆ సంఖ్య కూడా తగ్గించు" అని మెసేజ్ ఇస్తుంది. అంటే ఒకసారి దిగిన మెట్టు మళ్లీ ఎక్కడానికి లేదు.

మొదటి రెండు వారాలు గబగబా దిగింది, తర్వాత ఎవరో ఆ ఫైలు ముట్టుకున్నప్పుడల్లా ఒకటీ రెండూ. ఇప్పుడది 3 దగ్గర ఆగింది. ఆ మూడూ పాత రిపోర్టుల మాడ్యూల్‌లో ఉన్నాయి. మార్చి నెలాఖరు లెక్కలు దానిమీదే నడుస్తాయి కాబట్టి ఏప్రిల్ దాకా దాని జోలికి వెళ్లొద్దని అకౌంట్స్ వాళ్లు చెప్పారు.